ముద్దుల చేప

శ్రీహరికోటకు తూర్పున సముద్రం, పడమర పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి ద్వీపంలోకి పోయే రోడ్డు ఆ సరస్సును కోసుకుంటూ సాగుతుంది. వానలు బాగా పడిన ఏడాది రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు, నీళ్లలో ఫ్లెమింగోలు. ఎండాకాలం వస్తే అదే చోట పగుళ్లిచ్చిన ఉప్పునేల. ఈ కథలోని మేనమామ ఉద్యోగం ఆ ద్వీపంలో. ఆయన అక్కాబావల ఇల్లు సరస్సుకు ఉత్తరాన, వాకాడు పక్క ఒక పల్లెలో.

మేనమామ పని ఆక్సిజన్ ట్యాంకుల దగ్గర. రాకెట్టు పైదశలో ఇంధనం మండాలంటే ఆక్సిజన్ కావాలి. దాన్ని మైనస్ 183 డిగ్రీల దాకా చల్లార్చి, నీళ్లలా చేసి నింపుతారు. ఎంత నింపారు, ఎంత ఆవిరైపోయింది, ఇంకెంత పోయాలి అన్నది చివరి నిమిషం దాకా ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. బావది రొయ్యల సాగు, నాలుగెకరాల గుంట. ఆయన బతుకంతా కూడా ఆక్సిజన్ లెక్కే, కాకపోతే నీళ్లలో కరిగిన ఆక్సిజన్.

2023 జూలై 14న చంద్రయాన్-3ని చూపించడానికి మేనమామ ఎనిమిదేళ్ల మేనకోడలిని వెంటబెట్టుకుపోయాడు. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు రాకెట్టు లేచింది. ముందు వెలుగు, కాసేపటికి చప్పుడు. ఆ చప్పుడు ఛాతీలో తగిలేసరికి పాప మామ చెయ్యి గట్టిగా పట్టుకుంది. చుట్టూ జనం చప్పట్లు కొడుతుంటే మామ కళ్లు తుడుచుకోవడం కూడా చూసింది. ఆ సంతోషంలోనే తిరుగుదారిలో సూళ్లూరుపేటలో ఒక కొట్టు దగ్గర ఆగి, పాప వేలు పెట్టి చూపించినదల్లా కొనిపెట్టాడు. రెండు గోల్డ్ ఫిష్‌లు, వాటికో గుండ్రటి గాజుబుడ్డి, అడుగున వేసే రంగురాళ్లు, ఒక మేత డబ్బా.

"రెండు పూటలా చిటికెడు మేత వెయ్ పాపా. వారానికోసారి నీళ్లు మార్చు. ఇంకేం లేదు" అన్నాడు కొట్టతను.

బుడ్డిలో పట్టేవి మూడు లీటర్లు. ఇంట్లో టీవీ పక్కన పెట్టారు. వచ్చినవాళ్లందరికీ అదే ముందు కనిపించేది.

మూడో వారంలో ఒక చేప రెక్కలు ముడుచుకుని రాళ్ల మీద కూర్చుంది. మరునాడు పక్కకు ఒరిగింది, ఆ మరునాడు తేలింది. "దాని ఆయుష్షు అంతేలే తల్లీ" అన్నాడు నాన్న. పాప జామచెట్టు కింద గుంట తీసి పాతిపెట్టి, పైన ఒక మందారపువ్వు పెట్టింది. మిగిలిన చేపను ఇంకా ఎక్కువగా ప్రేమించింది.

ఆ చేపకు ఒక అలవాటయింది. తెల్లారి పాప లేచి వచ్చేసరికి నీటి పైకంటా వచ్చి, నోరు గుండ్రంగా చేసి, తెరుస్తూ మూస్తూ ఉండేది.

"నాన్నా, చూడు, నాకు ముద్దులు పెడతా ఉండాది!"

పాప కూడా గాజుకు పెదవులు ఆనించి ముద్దు పెట్టేది. అమ్మ ఫోనులో వీడియో తీసి మేనమామకు పంపింది. ఆయన పొంగిపోయి తోటి ఉద్యోగులకు చూపించాడు. నెల తిరిగేసరికి బంధువుల్లో దానికి ముద్దుల చేప అనే పేరు స్థిరపడింది. పండక్కి వచ్చిన అవ్వ కూడా బుడ్డి ముందు కూర్చుని, "పూర్వజన్మలో మన ఇంటి ఆడబిడ్డే అయ్యుంటుంది" అంది.

అదే నెలల్లో గుంట దగ్గర తండ్రి ఎట్లా బతికాడో కూడా చెప్పాలి. రొయ్యపిల్ల వదలడానికి మూడు వారాల ముందే నీళ్లు పెట్టి, నీళ్లకు రంగు తిరిగేదాకా ఆగాడు. ఉత్త నీళ్లలో పిల్ల వదిలితే బతకదని ఆ కోస్తాలో ప్రతి రైతుకూ తెలుసు. వెనామీ రొయ్యను చదరపు మీటరుకు 60 దాకా వదలొచ్చని కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన. ఈయన 30 దగ్గర ఆగాడు. ఎకరాకు లక్షా ఇరవై వేలు. "ఇంకా వదలొచ్చు గదా" అని పక్కరైతు అంటే, "పట్టేది వేరు, బతికేది వేరు" అన్నాడు. రోజూ పొద్దున్నా సాయంత్రం మీటరు ముంచి ఆక్సిజన్ చూసేవాడు. వారానికి రెండుసార్లు సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్కలేసి, అమ్మోనియా ఎంతుందో రంగును బట్టి చూసేవాడు. చెక్ ట్రేలో మేత మిగిలితే ఆ పూట మేత తగ్గించేవాడు. రాత్రి కాపలాకు ఒక పెద్దాయనను పెట్టాడు. నీళ్లకు గాలి కొట్టే ఏరియేటరు చప్పుడు ఆగితే చాలు, నిద్రలో ఉన్నా లేచి కూర్చునే మనిషి.

అక్టోబరు మూడో వారంలో రెండు రోజులు మబ్బు పట్టింది. మబ్బు రోజున గుంటలోని నాచుకు ఎండ చాలదు, అది పగలు చాలినంత ఆక్సిజన్ తయారుచేయదు. రాత్రయితే ఉన్న కాస్త ఆక్సిజన్‌ను రొయ్యతో పాటు ఆ నాచు కూడా పీల్చేస్తుంది. తెల్లవారుజాము మూడు నుంచి అయిదు వరకూ గుంటకు గండం. అది తెలిసే ఆ రోజు మేత సగం చేసి, పొద్దుగూకగానే ఏరియేటర్లన్నీ వేయించి ఇంటికొచ్చి పడుకున్నాడు. రెండింటికి కరెంటు పోయింది. కాసేపటికి ఫోను మోగింది.

"అయ్యా, ఇంజను పట్టుకోలా. తొరగా రాండి."

గట్టు ఎక్కి టార్చి వేశాడు. నీటివార పొడుగూతా ఎర్రటి చుక్కలు. అవి రొయ్య కళ్లు. అడుగున ఉండాల్సిన రొయ్య, మనిషి అలికిడికి బెదిరిపోయే రొయ్య, టార్చి వెలుగు మీద పడుతున్నా కదలకుండా మీసాలు నీళ్లపైకి పెట్టి గట్టువారకు చేరింది.

"రొయ్య తేలిందయ్యా" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి, చావు ఇంట్లో మాట్లాడినట్టు.

మీటరు 1.8 చూపించింది. నాలుగు ఉండాలి. ఇద్దరూ ఆక్సిజన్ గుళికల డబ్బాలు విప్పి గట్టు చుట్టూ తిరుగుతూ చల్లారు. పెద్దాయన నడుముల్లోతు నీళ్లలోకి దిగి తాటిమట్టతో నీళ్లు కొట్టాడు. అరవయ్యేళ్ల మనిషి, చలిలో, తనది కాని గుంటలో. పక్కరైతు బ్యాటరీ తెచ్చి తగిలిస్తే నాలుగింటికి జనరేటరు అందుకుంది. ఏరియేటర్ల చక్రాలు తిరిగి నీళ్లు తెల్లగా లేచాయి. అర్ధగంటకు మీటరు మూడు దాటింది. ఎర్రకళ్లు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. వాయవ్య మూలన చచ్చిన రొయ్య నాలుగు గంపలైంది. మిగతాది నిలిచింది.

అయిదున్నరకు ఇంటికొచ్చాడు. కాళ్లకు బురద, ఒంటికి తడి. మంచం మీద కూర్చోలేక టీవీ ముందు నేల మీదే చతికిలబడి గోడకు వీపు ఆనించాడు. గాజుబుడ్డి సరిగ్గా ఆయన కళ్ల ఎత్తుకు వచ్చింది. నిలబడి చూసినప్పుడెప్పుడూ అది అట్లా కనపడలేదు. చేప నీటి పైన ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది.

చాలాసేపు చూశాడు. గంట కింద గట్టు మీద చూసిందీ, ఇప్పుడు చూస్తున్నదీ ఒకటే. ఒకదాన్ని చూసి పరిగెత్తాడు. ఇంకొకదాన్ని చూసి మూడు నెలలు మురిసిపోయాడు.

తలలో లెక్క తనంతట తనే నడిచింది. గుంటలో నాలుగడుగుల నీళ్లు. చదరపు మీటరుకు 1,200 లీటర్లు, 30 రొయ్యలు. ఒక్కో రొయ్యకు 40 లీటర్లు, అదీ రాత్రంతా గాలి కొట్టించి. రొయ్య గుంటలో ఉండేది నాలుగు నెలలు. ఈ చేపకు మూడు లీటర్లు. జామచెట్టు కింద ఉన్నదానికి లీటరున్నర.

లేచి, పిల్ల తెచ్చేటప్పుడు వాడే బ్యాటరీ గాలిపంపును గూట్లోంచి తీశాడు. గొట్టం చివర గాలిరాయి తొడిగి బుడ్డిలోకి దించాడు. బుడగలు లేచాయి. పావుగంట చేప పైనే ఉంది. తర్వాత మెల్లగా దిగి నడిమికి వచ్చింది. నోరు మూసి, మొప్పలు నిదానంగా ఆడించుకుంటూ, మొదటిసారి బుడ్డిలో ఒక చుట్టు తిరిగింది. ఆ చుట్టు ఎంత చిన్నదో కూడా అప్పుడే తెలిసింది.

పాప కళ్లు నులుముకుంటూ వచ్చి బుడ్డి ముందు నిలబడింది.

"నాన్నా, ముద్దులు పెట్టట్లేదేంది?"

తండ్రి పాపను ఒళ్లోకి లాక్కున్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అవి ముద్దులు కాదమ్మా. దానికి ఊపిరాడక అట్లా చేసింది. నాకూ తెలియలా."

పాప చాలాసేపు ఏడ్చింది. జామచెట్టు వైపు చూసి మళ్లీ ఏడ్చింది. తర్వాత, "సరస్సులో వదిలేద్దాం" అంది. అక్కడ ఉప్పునీళ్లని, ఇది మంచినీటి చేపని, సాయంత్రానికే చచ్చిపోతుందని చెప్పాడు. "అయితే ఊరి చెరువులో?" అంది. "ఆ చెరువు వేరే చేపల ఇల్లు. మనం తెచ్చుకున్నదాన్ని మనమే చూసుకోవాల" అన్నాడు.

శ్రీహరికోటలో ఆ వారమే, శనివారం, అక్టోబరు 21న, మనుషులను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం ఒక పరీక్ష జరిగింది. పొద్దున మొదటి ప్రయత్నంలో ఎగరడానికి అయిదు సెకన్ల ముందు కంప్యూటరు ఆపేసింది. లోపం చూసుకుని పదింటికి మళ్లీ వదిలారు. రాకెట్టుకు మధ్యలో ఆపద వస్తే మనుషులు కూర్చునే గదిని విడదీసి దూరంగా లాగేసి, పారాచూట్లతో సముద్రంలో దించే ఏర్పాటు అది. అనుకున్నట్టే దిగింది. మరునాడు ఆదివారం మేనమామ అక్క ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్పాడు.

"లోపల ఎవురుండారు మామా?"

"ఎవరూ లేరమ్మా. ఖాళీ గది."

"ఎవురూ లేకపోతే ఎవుర్ని కాపాడను?"

"రేపు కూర్చోబోయేవాళ్లను. తలుపు మూసినాక వాళ్లు తీసుకుని బయటికి రాలేరు గదా. అందుకని మనమే ముందు చూసుకోవాల."

ఆ మాట అంటూనే ఆయన చూపు వసారాలోకి పోయింది. అక్కడ పిల్లను నీళ్లకు అలవాటు చేసే 500 లీటర్ల నీలిరంగు టబ్బు, టబ్బులో గాలిరాయి, నీళ్లలో చేప. బావ జరిగింది చెప్పాడు. మేనమామ తన ఫోనులో పాత వీడియో తీసి మళ్లీ చూశాడు. ఈసారి చివరిదాకా చూడలేకపోయాడు.

"గాలితోనే నా ఉద్యోగం బావా. కొనేటప్పుడు ఒక్కసారైనా అడగలా, ఇందులో దీనికి గాలెంత అని."

*

నీతి: మూత వేసిన చేతిదే లోపలి లెక్కంతా.

ఇట్లా ఒక్క వాక్యంలో చెబితే తేలిగ్గా తల ఊపేస్తాం. ఈ కథలో పెద్దవాళ్లిద్దరూ చెడ్డవాళ్లు కాదు, తెలియనివాళ్లు అంతకన్నా కాదు. ఒకరికి ఆక్సిజన్ ఉద్యోగం, ఇంకొకరికి ఆక్సిజన్ సాగు. తెలిసిన లెక్కను ఇంట్లోకి తీసుకురాలేదు, అంతే. గుంటలో ఉన్నది పంట, టబ్బులో పోసే పిల్ల పెట్టుబడి, టీవీ పక్కన ఉన్నది అలంకారం. అలంకారానికి ఊపిరి ఉంటుందని ఎవరికీ తట్టదు. నాకు ఈ కథలో ఎక్కువ బాధ కలిగించేది చేప పడ్డ ఇబ్బంది ఒక్కటే కాదు, దాన్ని ముద్దు అనుకోవడం. పంజరంలో చిలుక అదేపనిగా తల అటూ ఇటూ ఊపుతుంటే డ్యాన్సు చేస్తోందంటాం. తాబేలు రోజంతా గాజు గోకుతుంటే ఆడుకుంటోందంటాం. కుందేలు ఇనుపచువ్వలు కొరుకుతుంటే అల్లరి అంటాం. చోటు చాలని జీవి చేసే ప్రతి పనికీ మన దగ్గర ఒక ముద్దుపేరు ఉంది.

గోల్డ్ ఫిష్ సంగతే చూడండి. అది మన బొచ్చె, శీలావతి చేపల కుటుంబమే. బొచ్చెను గాజుబుడ్డిలో పెంచుతానంటే మన పల్లెల్లో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. గోల్డ్ ఫిష్ రకాల్లో చాలావాటికి జానెడు పెరిగే శక్తి ఉంది, సరిగా చూసుకుంటే పది పదిహేనేళ్లు బతుకుతాయి. తొట్టి ఎంత ఉంటే అంతే పెరుగుతుందని కొట్లలో చెబుతారు. అది పెరగకపోవడం తొట్టికి సర్దుకుపోవడం కాదు, గిడసబారిపోవడం. చైనాలో, జపాన్‌లో ఈ చేపను మొదట పెంచింది కొలనుల్లో, వెడల్పాటి తొట్లలో. పైనుంచి చూసి ఆనందించేవాళ్లు. గుండ్రటి బుడ్డి తర్వాత వచ్చింది. దాని మూతి ఇరుకు, కాబట్టి నీటికీ గాలికీ తగిలే చోటు తక్కువ. నీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టగలవు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. మన కోస్తాలో వేసవి మధ్యాహ్నం బుడ్డిలోని నీళ్లు ఎంత కాగుతాయో వేలు పెట్టి చూడొచ్చు.

ఊపిరి ఒక్కటే కాదు. చేప విసర్జించే అమ్మోనియా ఎక్కువగా మొప్పల గుండానే బయటికి వస్తుంది. ఆ నీళ్లనే మళ్లీ పీల్చాలి. నదిలో, చెరువులో దాన్ని సూక్ష్మజీవులు ముందు నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇళ్లలో కొత్త చేపలు మూడో వారంలోపే ఎందుకు పోతాయో రొయ్యల రైతుకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. నీళ్లు తయారు కాకముందే పిల్ల వదిలాం. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, బుడ్డి తోమేసి, కుళాయి నీళ్లు నింపితే కుదురుకుంటున్న ఆ కాస్తా పోతుంది, పైగా క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లతో పావువంతు మాత్రమే మార్చాలి. కథలో తండ్రి టబ్బు విషయంలో అదే చేశాడు. గుంట కోసం కొన్న అమ్మోనియా మందునే వాడుతూ, మొదటి నెలంతా రోజు విడిచి రోజు నీళ్లు మార్చాడు.

ఇటలీలో మోంజా పట్టణం 2004లో, రోమ్ నగరం 2005లో చేపలను గుండ్రటి బుడ్డిల్లో ఉంచకూడదని నిషేధించాయి. అక్కడివాళ్లకు జాలి ఎక్కువ అనుకోనక్కర్లేదు. మన చట్టం అంతకన్నా పాతది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం, కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో గానీ పాత్రలో గానీ జంతువును ఉంచడం నేరం. మనిషి కాని ప్రతి ప్రాణీ ఆ చట్టం దృష్టిలో జంతువే. అంటే చేప కూడా. ఇక రామచిలుక, నక్షత్ర తాబేలు లాంటి మన అడవి జీవులకయితే ఎంత పెద్ద పంజరం అన్న ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి చట్టం వాటిని ఇంట్లో ఉంచుకోవడాన్నే ఒప్పుకోదు.

ఇప్పటికే ఇంట్లో ఉన్న జీవుల మాట వేరు. చేపకు ఎత్తయిన తొట్టికన్నా పొడవైనది మేలు, అది ఈదేది అడ్డంగా గనక. ప్రేమపక్షులకూ అంతే, పైకి పొడుగ్గా ఉండే పంజరం చూడ్డానికి బాగుంటుంది గానీ రెక్క విప్పడానికి అడ్డం కావాలి. కుందేలు వెనకకాళ్ల మీద చెవులు నిక్కించి నిలబడాలి, మూడు గంతులు వరసగా వేయగలగాలి. అది ఇంట్లో తిరగనిస్తేనే జరుగుతుంది. కొట్లో ప్లాస్టిక్ గ్లాసులో అమ్మే ఫైటర్ చేప మాటకొస్తే, అది పైకి వచ్చి గాలి మింగే జాతి, దానికి పైకి రావడం జబ్బు కాదు. కానీ గాలి మింగగలదు కాబట్టి గ్లాసు చాలన్న మాట తప్పు. థాయ్‌లాండ్‌లో దాని ఊరు వరిమడి. లోతు తక్కువే గానీ మడి ఎంత వెడల్పు ఉంటుందో మనకు చెప్పాలా?

పెంచలేక చెరువులో వదిలేయడం గురించి ఆ తండ్రి అన్నమాట ఇంకొంచెం గట్టిగానే చెప్పాలనిపిస్తుంది. గాజు శుభ్రం చేస్తుందని కొని, అది మూరెడు పెరిగాక బెదిరిపోయి ఎవరో నీళ్లలో వదిలేసిన సక్కర్ చేప ఇప్పుడు తెలుగునేల చెరువుల్లో, కాలువల్లో జాలర్ల వలలు చింపుతోంది. దక్షిణ అమెరికా చేప అది, ఒళ్లంతా గట్టి పలకలు. కొన్ననాడు చోటు లెక్క చూసి ఉంటే ఆ జాలరి వల నిలిచేది.

మీ ఇంట్లో తొట్టి ఉంటే, రేపు తెల్లవారుజామున, ఇంకా లైటు వేయకముందే, మేత డబ్బా చేతిలోకి తీసుకోకముందే, దాని ముందు నేల మీద కూర్చోండి. మేత చూసి పైకి రావడం వేరు, అందుకని చేయి ఖాళీగా ఉండాలి. చేప నీళ్ల మధ్యలో ఉందా, పైన ఉందా చూడండి. పైన ఉంటే నోటివైపు చూడండి.